బూడిదలో పెట్టకూడని ఇనుము

సోమవారం పొద్దున నేను గడ్డి కొడవలి నూరుతున్నాను. సైకిలు తోసుకుంటూ ఒకతను వచ్చి కొలిమి ముందు నిలబడ్డాడు. పట్నంలో లోహాలు పరీక్ష చేసే గదిలో బంట్రోతు. మా కొండాపూర్‌కు బండ్ల బాటే గాని సైకిలు నడిచే బాట లేదు. సగం దూరం నడిచే వచ్చినట్టున్నాడు, మోకాళ్ళ దాకా ఎర్రదుమ్ము. "మన సారు ఇగ లేడు తాతా. మొన్న దవాఖానల పాణం ఇడిసిండు. నిన్న దహనం గూడ అయింది. నీకు తప్పకుండ చెప్పి రమ్మన్నది అమ్మగారు" అన్నాడు.

నేను నూరడం ఆపలేదు. ఇంకో నాలుగుసార్లు ఇటూ అటూ తిప్పాను. వినపడలేదేమోనని అతను మళ్ళీ నోరు తెరిస్తే, "ఇన్న" అన్నాను. ఆ మాట కసిరినట్టే వచ్చింది. అతని తప్పేముంది, పాపం. మా ఇంటామె చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, అతన్ని అరుగు మీద కూర్చోబెట్టింది.

మా ఊళ్ళో నన్ను కమ్మరి తాత అంటారు. డెబ్బై దాటాయి. నా చేతి కొడవలికి మాదాపూర్, కొండాపూర్, శేరిలింగంపల్లి, ఈ మూడు ఊళ్ళలో పోటీ లేదు. ఉందని ఎవరైనా అంటే ఆ కొడవలి తీసుకొని రమ్మనండి, రెండూ గడ్డి మీదే పెట్టి చూద్దాం. పోయిన సారు నాకంటే ముప్పై ఏళ్ళు చిన్న. చిన్నవాడు పోతే పెద్దవాడు కూర్చొని తలచుకోవడం నాకు నచ్చలేదు. ఆ సంగతి ముందే చెబుతున్నా. పెద్ద మాటలు నాకు రావు, వచ్చినా ఆయనకు పడవు. కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతా.

ఆయన గోదావరి వైపు మనిషి. పట్నంలో ఒక కార్ఖానాలో కొలువు. అక్కడికి వచ్చే ఇనుమూ ఉక్కూ చెప్పిన సరుకో కాదో పరీక్ష చేసి కాగితం మీద రాసివ్వడం ఆయన పని. ఇల్లు మాత్రం శేరిలింగంపల్లి స్టేషను పక్కన. ఆదివారం వచ్చిందంటే గొడుగు చంకలో పెట్టుకొని బండల మధ్య పడి నడిచేవాడు. చలికాలం పొద్దున మా ఊరి బండల మధ్య మంచు పాలలాగా నిలబడుతుంది. ఏ బండ ఎక్కడుందో పుట్టి పెరిగిన నాకే తెలియదు. ఒకనాడు ఆ తెల్లదనంలోంచి గొడుగు కింద ఒక మనిషి తేలుతున్నట్టు వచ్చాడు.

రాగానే మాట లేదు, పలుకు లేదు. జేబులోంచి సూదంటురాయి తీసి నా పట్టుకారుకు ఆనించాడు. తరువాత సమ్మెటకు. తరువాత గోడకు వేలాడే నాగటి కర్రుకు.

"ఏంది సారూ, నా ఇనుముకు జరమొచ్చిందా, నాడి చూస్తున్నవు?" అన్నాను.

"లేదండీ ఆచారిగారూ. పలకరిస్తున్నాను" అన్నాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. మా వైపు కమ్మరిని అలా ఎవరూ పిలవరు. ఓ కమ్మరీ అంటారు. నెరిసిన జుట్టు చూసి తాతా అంటారు. గారు అనేది పటేళ్ళకూ, కచేరీలో కూర్చునేవాళ్ళకూ తగిలించే మాట. వెటకారమేమో అనుకున్నా. నాలుగు ఆదివారాలు గడిచాక తెలిసింది, ఆయనకు వెటకారం చేతకాదని.

ఇనుము చల్లార్చే నీళ్ళతొట్టి పక్కన ఉన్న రాయి మీద కూర్చునేవాడు. మా ఇంటామె ఇచ్చిన జొన్నరొట్టెను మూడువేళ్ళతో విరిచి, పచ్చికారం అద్దుకొని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ తినేవాడు. వద్దనేవాడు కాదు. ఇనుపముక్క ఏది దొరికినా ముందు వాసన చూసేవాడు, తరువాత పంచె కొంగుతో తుడిచేవాడు, తరువాతే చూసేవాడు. అందువల్ల ఆయన పంచెకు ఎప్పుడూ ఎర్రమరకలే. భార్య తిడుతుందని చెప్పేవాడు, చెప్పి మళ్ళీ అదే కొంగుతో తుడిచేవాడు.

ఒక ఆదివారం రెండు ముక్కలు తెచ్చాడు. రెండూ వెండిలాగా తెల్లగా ఉన్నాయి. ఒకటి సూదంటురాయికి అతుక్కుంది, రెండోది అతుక్కోలేదు. రెండూ ఇనుమే అన్నాడు. ఇనుమంటే అతుక్కోవాలి, అతుక్కోనిది ఇనుమెట్లా అవుతుందని నేను వాదించాను. వాదించడం నాకు బాగా వచ్చు. ఆయన వాదించలేదు. మా ఇంటామె పాలు కాచి పక్కన పెట్టి ఉంటే, ఆ గిన్నె వైపు చూపించాడు.

"పాలు చల్లారితే మీద మీగడ కడుతుంది కదండీ. మీరు వేలితో తీసేస్తారు. ఇంకాసేపటికి మళ్ళీ సన్నగా కడుతుంది. ఈ ఉక్కులో క్రోమియం అనే లోహం కలిపారు. దానికి గాలి తగిలితే చాలు, ఒంటి మీద పొర కప్పుకుంటుంది. మన కంటికి కనపడదు. గీకితే మళ్ళీ కప్పుకుంటుంది. ఆ పొర ఉన్నంత సేపు తుప్పు లోపలికి రాలేదు."

వందపాళ్ళలో కనీసం పన్నెండు పాళ్ళు క్రోమియం ఉండాలట. అంతకు తగ్గితే పొర చినిగిన దుప్పటిలాగా అక్కడక్కడే ఉంటుందట. అతుక్కోని ముక్కలో నికెలు కూడా కలిసింది. నికెలు కలిస్తే ఉక్కు మెత్తబడి, పగలకుండా ఎటు వంచితే అటు వంగుతుంది, పులుపుకు కూడా తట్టుకుంటుంది అన్నాడు. ఈ పొరకు అసలు శత్రువు ఉప్పు. సూదితో పొడిచినట్టు ఒక్కచోటే పొడిచి రంధ్రం చేస్తుంది. దానికి మందు మాలిబ్డినం అని ఇంకో లోహం. అది రెండు మూడు పాళ్ళు కలిపితే ఉప్పు కూడా వెనక్కి పోతుందట.

ఆ పేర్లు నాకు నోరు తిరగడానికి నెల పట్టింది. తిరిగాక మాత్రం వదల్లేదు. కొడవలి కోసం వచ్చినవాళ్ళకు కూడా చెప్పేవాణ్ని, వాళ్ళు వినకపోయినా.

మా ఇంటామె కొలిమి తిత్తి ఊదుతూ అంతా విన్నది. "గది మామిడికాయ తొక్కు పెట్టుకునేటందుకు పనికొస్తదా సారూ?" అని అడిగింది.

"బ్రహ్మాండంగా పనికొస్తుందమ్మా. కాకపోతే ఆ డబ్బా కొనడానికి ముందు మామిడితోట అమ్ముకోవాలి" అన్నాడు.

ఆమె ఆ వారమంతా ఆ మాట తలచుకొని నవ్వింది.

ఆయన మాట్లాడుతుంటే నాకు నిద్రకూ మెలకువకూ నడుమ ఉన్నట్టుండేది. ఒకసారి నన్ను మా ఊరి పెద్దబండ ఎక్కించాడు. కింద చెరువు ఆయకట్టు కనిపిస్తుంది, చిన్నచిన్న మడులు, వాటి నడుమ గట్లు. "ఉక్కును బాగా నునుపు చేసి, ఆమ్లం పూసి, అద్దాల కింద పెట్టి చూస్తే సరిగ్గా ఇలాగే ఉంటుందండీ. మడులు, గట్లు" అన్నాడు. అరవై ఏళ్ళు ఇనుము కొట్టినవాణ్ని, ఇనుములో పొలాలున్నాయని నాకెవరూ చెప్పలేదు. ఆ రోజు సమ్మెట ఎత్తితే చెయ్యి కొంచెం ఆగింది. ఎవరి గట్టు మీద కొడుతున్నానో అనిపించింది.

ఇంకో మాట కూడా ఆయన అప్పుడే చెప్పాడు. "మీ కొడవలికి బొగ్గు సారం ప్రాణమండీ, అది లేకపోతే పదును నిలవదు. ఈ తెల్ల ఉక్కుకు మాత్రం బొగ్గు దొంగ." విన్నాను. విని ఊరుకున్నాను. బొగ్గు మీద బతికేవాడికి బొగ్గును దొంగ అంటే ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

శేరిలింగంపల్లిలో చిన్న దవాఖాన ఉంది. అక్కడి డాక్టరమ్మ సూదులూ కత్తెరలూ ఉడకబెట్టడానికి ఒక డబ్బా కావాలన్నది. ఉన్న ఇనుపడబ్బా తుప్పుపట్టి పోయింది. తెల్ల ఉక్కుతో చెయ్యమని సలహా ఇచ్చింది సారే. రేకు తెచ్చింది పాత ఇనుము సాయబు. పటాలం సిపాయిలు వేలం వేసిన సామానులో కొని, ఎద్దుబండి మీద ఊరూరా తిరిగి అమ్ముతాడు. పదేళ్ళుగా నాకు ఇనుము తెచ్చేది అతనే. సారు ఆ రేకు చూసి, గీకి చూసి, అసలైన సరుకే అన్నాడు. తరువాత కార్ఖానా పని మీద నెల రోజులు వేరే ఊరు వెళ్ళాడు.

ఆయన పోయిన వారంలోనే నేను డబ్బా చేశాను. రేకును కొలిమిలో కాల్చి మడిచాను, మూలలు బిగించాను, చీలలు కొట్టాను. పని చూస్తే నాకే ముద్దొచ్చింది. అప్పుడు మా ఇంటి పద్ధతి ప్రకారం దాన్ని బూడిద గుంటలో పెట్టాను.

ఆ గుంట మా తాత తవ్వింది. కాల్చి కొట్టిన ప్రతి వస్తువునూ ఎర్రగా ఉండగానే వెచ్చటి బూడిదలో పూడ్చి, తెల్లారేదాకా తియ్యం. "దెబ్బలు తిన్న ఇనుము అలిసిపోతది, దాన్ని పండుకోబెట్టాలె" అనేవాడు మా నాయన. అలా నిదానంగా చల్లారిన ఇనుము పగలదు. మూడు తరాలుగా మా చేతి కర్రు పగిలిందని ఎవరూ వెనక్కి తేలేదు. డబ్బాను కూడా అలాగే పండుకోబెట్టాను. ఆ రోజు నాకు మంచి నిద్ర పట్టింది.

నెల తిరగకముందే దవాఖాన నుంచి పిలుపు. డబ్బా బల్ల మీద పెట్టి ఉంది. మడతలకు వేలెడు దూరంలో, మడత పొడుగునా, దారంతో కుట్టినట్టు ఎర్రటి గీత. ఒక మూల సన్నగా పగిలి నీళ్ళు కారుతున్నాయి. మిగతా రేకంతా అద్దంలాగా ఉంది. సాయబును కూడా పిలిపించారు. దవాఖాన బాగోగులు చూసే పెద్దమనిషి ఒకాయన కుర్చీలో ఉన్నాడు.

డాక్టరమ్మ కోపంగా మాట్లాడలేదు. అదే కష్టమైంది. "ఈ డబ్బాల ఉడకబెట్టిన సూది బాలింతకు ఎట్ల గుచ్చాలె, నువ్వే చెప్పు తాతా" అన్నది.

నేను నిటారుగా నిలబడి అన్నాను: "నా పనిల లోపం లేదమ్మా. సరుకు సంగతి సరుకిచ్చినోన్నే అడుగుండ్రి."

అంతే అన్నాను. ఒక్క మాట. సాయబు నా ముఖంలోకి చూశాడు. తన రేకు మంచిదేనని, సారు చూశాడని చెప్పబోయాడు. పెద్దమనిషి చెయ్యెత్తి ఆపాడు. ఆ ఏడు రాజ్యం మారిన గడబిడ రోజులు. ఎవరి మీద మాట పడినా అడిగేవాడు లేడు, సాయబు మీద పడితే అసలే లేడు. నకిలీ రేకు అమ్మి బాలింతల ప్రాణం మీదికి తెచ్చాడని శుక్రవారం ఠాణాలో చెబుతామన్నారు. ఠాణాకు పోయినవాళ్ళు ఎప్పుడు తిరిగి వచ్చేవాళ్ళో ఆ రోజుల్లో చెప్పే వీలు లేదు. అతని బంధువులు అప్పటికే ఊరొదిలి పోయారు. అతను పోలేదు, ఇక్కడి బండ్ల బాటలు తప్ప తనకేమీ తెలియవని.

సారు తిరిగి వచ్చిన రోజే నేను వెళ్ళాను. డబ్బా మూలలోంచి ఒక ముక్క, కొలిమి ఎక్కని మిగులు రేకులోంచి ఒక ముక్క కోసి తీసుకెళ్ళాను. సాయబు మోసం చేశాడని కాగితం రాసివ్వమన్నాను. ఆయన ఆ ఎర్రగీతను చాలాసేపు చూశాడు. "తుప్పు పట్టినచోటే కదండీ సంగతి రాసుండేది" అన్నాడు. మైలుతుత్తం, గంధకామ్లం కలిపిన నీళ్ళలో మూడు రోజులు ఉడకబెట్టాలి, గురువారం పట్నం రండి అన్నాడు.

గురువారం రైలెక్కి పోయాను. ఆ గది నిండా గాజుబుడ్లు, పుల్లటి పొగ. గొంతులో గుచ్చుకుంటుంది. ఆ పొగలో రోజంతా ఎలా ఉంటాడో అనుకున్నా. ఆయన ఉడికిన రెండు ముక్కలూ కడిగి, తుడిచి, ఒకటి తీసి రాతినేల మీద వదిలాడు.

గజ్జె మోగినట్టు మోగింది. ఆ మోత గది మూలమూలకూ పోయి, చాలాసేపటికి ఆగింది.

రెండోది వదిలాడు. చెక్కముక్క పడ్డట్టు పడింది.

అరవై ఏళ్ళు సమ్మెట పట్టిన చెవులు నావి. లోపల పగిలిన ఇనుము ఎలా పలుకుతుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. రెండూ నా చేత్తో తీసుకొని మళ్ళీ వదిలాను. మూడుసార్లు వదిలాను. మూడుసార్లూ అదే. అప్పుడు ఆయన రెండో ముక్కను వేళ్ళతో వంచాడు. ఎర్రగీత దగ్గర ఎండిన రొట్టెలాగా పొడిపొడి అయింది.

"రెండూ ఒకటే రేకండీ. ఒకటే పాళ్ళు. సాయబుగారు ఇచ్చింది మంచి సరుకు" అన్నాడు.

తరువాత నెమ్మదిగా చెప్పాడు. బండ మీంచి చూసిన మడులూ గట్లూ గుర్తు చేశాడు. ఈ ఉక్కు ఎర్రటి వేడి మీద ఎక్కువసేపు ఉంటే, లోపలి బొగ్గు సారం గట్ల మీదికి చేరుతుంది. చేరి, పక్కనున్న మడుల్లోంచి క్రోమియాన్ని తన దగ్గరికి లాక్కుంటుంది. గట్టు పక్క మడులు క్రోమియం లేక ఎండిపోతాయి. అక్కడ పొర కట్టదు. నీళ్ళు ఆ గట్ల వెంబడే లోపలికి పోతాయి. కొలిమి బొగ్గులో నేరుగా కాల్చడంతో దొంగలు ఇంకొందరు తోడయ్యారు. "మడవడంలో తప్పు లేదండీ, చీలల్లో తప్పు లేదు. తెల్లారేదాకా బూడిదలో ఉంచారు చూశారూ, దొంగతనమంతా అప్పుడు జరిగింది."

"అంటే మా తాత, మా నాయన చేసింది తప్పంటవా సారూ? మూడు తరాల సంది గదే చేస్తున్నం" అని గట్టిగానే అరిచాను. పక్కగదిలో వాళ్ళు తొంగిచూశారు.

ఆయన గొంతు పెంచలేదు. "మీ నాన్నగారు ఈ ఉక్కును చూడలేదు కదండీ. చూసుంటే, దీన్ని బూడిదలో పెట్టొద్దని మీకు ఆయనే చెప్పి ఉండేవారు" అన్నాడు.

నేను భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాను.

కాగితం రాస్తానన్నాడు. అది పైవాళ్ళ సంతకమై దవాఖానకు చేరేసరికి నాలుగు రోజులు పడుతుందట. శుక్రవారం అంటే రేపే. "మీరు చెప్పకపోతే నేనేమీ అనుకోను. రేపు సెలవు పెట్టి నేనే వచ్చి చెబుతాను. కానీ మీ నోటితో మీరు చెబితే బావుంటుంది ఆచారిగారూ" అన్నాడు. బలవంతం లేదు, నీతులు లేవు. ఆ రెండు ముక్కలూ నా చేతిలో పెట్టి పొగలోకి వెళ్ళిపోయాడు.

తిరుగు రైలులో కిటికీ పక్కన కూర్చున్నాను. బయట మడులూ గట్లూ వెనక్కి పోతున్నాయి. ఎక్కడున్నానో తెలియలేదు. ఉక్కు లోపల పోతున్నానో, ఊరికి పోతున్నానో. నాకు ఒక పిచ్చి ఆలోచన కూడా వచ్చింది, దాచను. సారు రేపు రైలు అందుకోలేకపోతే ఏమవుతుంది? సాయబు ఠాణాకు పోతాడు, మా ఇంటి బూడిద గుంట మీద ఎవరూ వేలెత్తరు. అలా అనుకున్నాను. అనుకున్నందుకు ఈ రోజు దాకా నా మీద నాకు కోపమే.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మా ఇంటామెకు సంగతి చెప్పాను. ఆమె కంచం తియ్యకుండానే అన్నది: "పదేండ్ల సంది ఆయన మనకు ఇనుము తెస్తుండు. ఒక్కనాడన్న దొంగ సరుకు తెచ్చిండా? నీ గుంట నోరు మూస్తవా, ఆయన ఇల్లు మూస్తవా, నువ్వే చూస్కో."

తెల్లారి దవాఖానకు పోయాను. పెద్దమనిషి వచ్చి ఉన్నాడు. సాయబు గోడ పక్కన నిలబడి ఉన్నాడు, తెల్లటి అంగీ ఉతికి వేసుకొచ్చాడు. మందుల కోసం వచ్చిన ఆడవాళ్ళు వరండా నిండా కూర్చొని ఉన్నారు. నేను ఎవరినీ పక్కకు పిలవలేదు. రెండు ముక్కలూ నేల మీద వదిలాను, ఒకటి తరువాత ఒకటి. అందరూ విన్నారు.

"సరుకు మంచిది. నా బూడిద చెడగొట్టింది. తప్పు నాది" అన్నాను.

డాక్టరమ్మ ఆ ముక్కల్ని తీసి, తనూ ఒకసారి వదిలి విన్నది. పెద్దమనిషి గొంతు సవరించుకొని, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళాడు. మళ్ళీ చేస్తావా అని డాక్టరమ్మ అడిగింది. చేస్తానన్నాను.

సాయబు బయటికి వచ్చాక చాలాసేపు బండి దగ్గర ఎద్దు మెడ నిమురుతూ నిలబడ్డాడు. తరువాత, "నీ నోట తప్పు అన్న మాట ఇనాలంటే డబ్బా తుప్పు పట్టాల్సి వచ్చింది అన్నా" అన్నాడు. నవ్వుదామనుకున్నాడు, కళ్ళు నిండాయి. నేను బండి చక్రం వైపు చూస్తూ ఉన్నాను.

ఆ ఆదివారం సారు మంచులోంచి వచ్చాడు. దవాఖాన సంగతి ఆయనకు తెలుసు. ఆ ఊసే ఎత్తలేదు. రొట్టె తిని, పంచె మడిచి కట్టి, కొలిమి పక్కన కూర్చున్నాడు. బొగ్గు తగలకుండా ఒక గొట్టానికి మట్టి పూసి, దాని లోపల మిగులు రేకు ముక్కను పెట్టాం. మా ఇంటామె తిత్తి ఊదింది. మోదుగుపువ్వు రంగు రాగానే నేను తియ్యబోయాను. ఆయన వద్దన్నాడు. "ఇక్కడ ఆగితే దొంగకు తలుపు తెరిచినట్టేనండీ. దాటించాలి." ఇంకా ఊదాం. మోదుగు పోయి తంగేడుపువ్వు పసుపు వచ్చింది. ఆ వేడిలో బొగ్గు సారం గట్టు దిగి మళ్ళీ మడుల్లో కరిగిపోతుందట.

"ఇప్పుడు నీళ్ళలో వెయ్యండి. ఒక్కసారే. సందేహించకండి" అన్నాడు.

నా చెయ్యి కదల్లేదు. అంత వేడి మీద నీళ్ళలో వేస్తే నా కొడవలి గాజులాగా పెళుసవుతుంది. ఆ సంగతి నా చేతికి అరవై ఏళ్ళుగా తెలుసు. ఆయన నా వైపు చూస్తున్నాడు, మా ఇంటామె నా వైపు చూస్తోంది. కళ్ళు మూసుకొని వేశాను. తొట్టి అంతా ఆవిరి. ముగ్గురం ఒకరికొకరం కనపడలేదు. ఆవిరి పోయాక ముక్కను తీసి వంచి చూశాను. మైనంలాగా వంగింది. నీళ్ళలో పడి మెత్తబడే ఇనుమును నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు చూడటం. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. ఆయన కూడా నవ్వాడు, నవ్వి దగ్గాడు, దగ్గు ఆగలేదు.

అలాగే చేసిన రెండో డబ్బా దవాఖానలో రోజూ ఉడుకుతోంది. ఒక్క గీత లేదు. ఎవరికైనా అనుమానముంటే వెళ్ళి చూడవచ్చు.

ఆ దగ్గు మాత్రం తగ్గలేదు. ఆదివారాలు రెండు వారాలకొకటి అయ్యాయి, తరువాత నెలకొకటి. కడపటిసారి వచ్చినప్పుడు గొడుగును కర్రలాగా ఆనించుకొని వచ్చాడు. రొట్టె సగమే తిన్నాడు. బూడిద గుంట దగ్గర నిలబడి, నేనింకా వాడుతున్నానా అని అడిగాడు. కర్రులకూ గునపాలకూ వాడుతున్నానన్నాను. సంతోషించాడు.

"ఇంకో లోహం ఉందండీ, టైటానియమని. దాన్ని కొద్దిగా కలిపిన ఉక్కు దూరదేశాల్లో చేస్తున్నారు. బొగ్గు సారం బయలుదేరగానే అది ముందే చెయ్యి పట్టుకుంటుంది, క్రోమియం జోలికి పోనివ్వదు. అలాంటి రేకు ఒక్కటి దొరికితే మీ దగ్గరికి తెస్తాను. దాన్ని మీ నాన్నగారి గుంటలోనే పడుకోబెట్టవచ్చు. ఏమీ కాదు" అన్నాడు.

ఆ జబ్బులో, ఆ ఎండలో అంత దూరం నడిచొచ్చింది ఆ మాట చెప్పడానికేనని నాకు తరువాత అర్థమైంది. అప్పుడు మాత్రం, "తెచ్చినప్పుడు చూద్దాం తియ్యి" అన్నాను. నా నోరు అలాంటిది.

సోమవారం బంట్రోతు వెళ్ళిన కాసేపటికి సాయబు బండి వచ్చింది. అతనికి దారిలోనే తెలిసింది. "ఎక్కు అన్నా" అన్నాడు. ఎక్కాను. బండ్ల బాట వెంబడి శేరిలింగంపల్లి దాకా పోయాం. సారు ఇంటికి తాళం వేసి ఉంది. అస్థికలు గోదావరిలో కలపడానికి అమ్మగారూ ఆమె తమ్ముడూ ఇప్పుడే స్టేషనుకు వెళ్ళారని పక్కింటివాళ్ళు చెప్పారు. మేం స్టేషను చేరేసరికి రైలు కదిలింది. ఏ పెట్టెలో ఉన్నారో తెలియలేదు. సాయబు అన్ని పెట్టెలకూ కలిపి ఒకేసారి చెయ్యెత్తి సలాం చేశాడు. నేను దండం పెట్టాను.

రైలు మలుపు తిరిగాక కూడా మేం అక్కడే ఉన్నాం. ఎండ పట్టాల మీద పడుతోంది. పట్టాల పక్కలన్నీ ఎర్రగా తుప్పు, మొదలు నుంచి చివర దాకా. చక్రాలు ఒరుసుకొని పోయిన నెత్తి మీద మాత్రం రెండు సన్నటి తెల్లగీతలు. అవి బండల నడుమ నుంచి పోయి పోయి, దూరాన ఒకటైనట్టు కనిపిస్తున్నాయి. సాయబు ఒక పట్టా మీద, నేను ఇంకో పట్టా మీద చెయ్యి పెట్టి కూర్చున్నాం. రైలు కనపడటం లేదు గాని, చేతికింద ఇనుము ఇంకా సన్నగా మోగుతూనే ఉంది.